మా అత్తమ్మ అనుకున్న నెట్ వర్క్

పోయిన వారం కాల్హేర్‌లో నేను పనిచేసే గోదాముకు కొత్త మేనేజరు వచ్చాడు. వచ్చిన మూడో రోజునే మా అందరికీ తలా ఒక కాగితం పంచాడు. పేరు, వయసు, చదువు, ఎన్నేళ్ల అనుభవం, ఇవన్నీ నింపాక అడుగున ఒక ప్రశ్న ఉంది: ఈ రంగాన్ని మీరు ఎందుకు ఎంచుకున్నారు? కింద నాలుగు గీతలు ఖాళీగా వదిలారు. నా పక్క బల్ల దగ్గర కూచునే పిల్ల చకచకా రాసి ఇచ్చేసింది. చిన్నప్పటి నుంచీ ఆమెకు టెక్నాలజీ అంటే ప్రాణమట. నేను పెన్ను పట్టుకుని మధ్యాహ్నం చాయ్ వచ్చేదాకా అలాగే కూచున్నాను. గోదాములో కెమెరాలూ, స్కానర్లూ, వాటిని కలిపే తీగలూ, వాటి మీద కన్నేసేవాళ్లు రాకుండా కట్టే తాళాలూ అన్నీ నేనే చూస్తాను. నలభై ఆరేళ్ల వయసులో చీర కుచ్చిళ్లు దోపుకుని నిచ్చెన ఎక్కుతాను. అంతవరకు బాగానే ఉంది. కానీ ఎందుకు ఎంచుకున్నానని అడిగితే, మా అత్తమ్మకు నెట్ చీరలంటే ఇష్టం కాబట్టి అని రాయాలి. అది రాస్తే ఉద్యోగానికే ఎసరు వస్తుందేమోనని "ఆసక్తి వల్ల" అని రెండు ముక్కలు గీకి ఇచ్చేశాను. అప్పటి నుంచీ మనసులో ఒకటే గిలి. అందుకే నిజం ఇక్కడ రాస్తున్నాను.

మాది ముంబై పక్కన భివండీలోని నార్పోలి పేట, కాల్హేర్ అక్కడికి దగ్గరే. మా మామయ్య జగిత్యాల వైపు నుంచి కూలికి నేయడానికి వచ్చి, ఇరవై ఏళ్లు ఒకరి సాంచాల మీద నేసి, చివరికి సొంతంగా ఎనిమిది సాంచాలు పెట్టుకున్నాడు. సాంచా అంటే కరెంటు మగ్గం. కింద కార్ఖానా, పైన మేము. మెట్లు ఎక్కగానే కుడి చేతి వైపు రెండు గదులు బావగారివి, ఎడమ చేతి వైపు రెండు మావి. మధ్యలో పొడుగాటి నడవ ఉంది. మామయ్య పోయాక ఆ నడవలో ఒక మంచం వేసుకుని మా అత్తమ్మ ఉండేది. నల్లా అక్కడే, మిక్సీ అక్కడే, డాబా తాళంచెవి వేలాడే మేకు కూడా అక్కడే. కింద ఎనిమిది సాంచాలు నడుస్తుంటే పైన అరల్లో స్టీలు గ్లాసులు వాటంతట అవే నడిచి అంచు దాకా వచ్చేవి. రోజుకోసారి వాటిని వెనక్కి తోయడం మాకు ఇల్లు ఊడ్చినంత మామూలు పని. మాట వినిపించాలంటే చెవిలో నోరు పెట్టి అరవాలి. రెండడుగులు అవతల ఉన్నవాళ్లకు పెదవులు ఆడడమే కనిపిస్తుంది. పెళ్లయి వచ్చిన కొత్తలో నేను ఈ ఇంట్లో అందరూ ఎప్పుడూ కొట్లాడుకుంటారని అనుకుని వారం రోజులు ఏడ్చాను. తర్వాత తెలిసింది, వాళ్లు అన్నం వడ్డించమని అడుగుతున్నారని.

నేను చిన్న కోడలిని. పెద్ద కోడలు నాకు యారాలు, అంటే తోటికోడలు. ఆమెను అక్కా అని పిలిచేదాన్ని. పిలిచేదాన్ని అని ఎందుకు అంటున్నానంటే, నేను చెప్పబోయే సంగతి జరిగేనాటికి అలా పిలవక పదకొండు నెలలు అయింది. కారణం పచ్చిపులుసు. ఒకనాడు వాళ్ల తమ్ముడు వస్తే అక్క పచ్చిపులుసు చేసి నాకూ ఒక గిన్నె పంపింది. నేను రుచి చూసి అత్తమ్మతో, "దీంట్ల చింతపండు యాడుంది అత్తమ్మా, ఈత కొట్టొచ్చు" అన్నాను. సరదాగానే అన్నాను. సాయంత్రానికల్లా అక్క మొహం తిప్పేసుకుంది. ఆమె మొహం తిప్పుకుందని నేను తిప్పుకున్నాను. అంతే. మొదట్లో రెండు రోజుల్లో సర్దుకుంటుందని అందరూ నవ్వుకున్నారు. ఆరు నెలలు గడిచాక ఎవరూ నవ్వలేదు. దసరా దాకా చూస్తాను, అప్పటికీ ఆడవాళ్లు మాట్లాడుకోకపోతే కాల్హేర్‌లో వేరే ఇల్లు తీసుకుని పోతాను అని బావగారు మా ఆయనతో చెప్పాడు. పోతే సాంచాలు కూడా సగం సగం. ఎనిమిది సాంచాల మీద ఒక ఇల్లు ఎలాగో నడుస్తుంది గానీ నాలుగు సాంచాల మీద ఏ ఇల్లూ నడవదు. అది మా నలుగురికీ తెలుసు. అన్నదమ్ములకు ఒకరి మీద ఒకరికి ఏ కోపమూ లేదు. పొద్దున్నే ఇద్దరూ కలిసి చాయ్ తాగుతూ, కుడి వైపు గదుల్నీ ఎడమ వైపు గదుల్నీ దిగులుగా చూసేవాళ్లు.

మాట్లాడుకోకపోయినా ఇంట్లో పని ఆగదు కదా. నల్లా ఒకటే, మిక్సీ ఒకటే. కాబట్టి మా ఇద్దరి మాటలూ అత్తమ్మ మోసేది. "అత్తమ్మా, ఆమెకు చెప్పు" అనే మాటతోనే నా రోజు మొదలయ్యేది. ఆమె మంచం మీంచి లేచి, మోకాలు పట్టుకుని, నాలుగడుగులు వేసి అక్క చెవిలో అరిచేది. అక్క చెప్పింది విని మళ్లీ నాలుగడుగులు వేసి నా చెవిలో అరిచేది. శుక్రవారం మాత్రం ఏ కబురూ మోసేది కాదు. ఆ రోజు భివండీలో సాంచాలకు సెలవు. పేట మొత్తం నిశ్శబ్దంగా ఉంటుంది. ఆ రోజు అమ్మవారికి మౌనవ్రతం అని అత్తమ్మ పెదవులు బిగించుకుని కూచునేది. మిక్సీ తగాదా ఏదైనా ఉంటే శనివారం దాకా ఆగాల్సిందే. ఈ వయసులో ఎంత భక్తి అని నేను అనుకునేదాన్ని. ఇంకొక సంగతి నాకు ఆశ్చర్యంగా ఉండేది. నేను ఎంత ఘాటుగా చెప్పి పంపినా, అక్క దగ్గర నుంచి వచ్చే జవాబు మెత్తగా, తియ్యగా ఉండేది. తప్పు తనదేనని ఆమెకు తెలిసిపోయింది, కాకపోతే ఎదురుగా వచ్చి ఒప్పుకోవడానికి నామోషీ అని నేను తేల్చుకున్నాను. అందుకే ఆమే వస్తుందని చూస్తూ కూచున్నాను.

ఇలా ఉండగా ఒకరోజు మా వీధిలో మైకు పెట్టిన ఆటో తిరిగింది. ధామన్కర్ నాకా కూడలి దగ్గర కమ్యూనిటీ కాలేజీ ఒకటి ఉంది, మందుల దుకాణం పైన రెండో అంతస్తులో. అక్కడ ఆడవాళ్లకు ఫీజు లేకుండా నెట్‌వర్క్, సెక్యూరిటీ కోర్సు నేర్పుతారని మైకులో చెప్పారు. సాంచాల చప్పుడులో మా అత్తమ్మ చెవిన పడినవి మూడే మాటలు: నెట్, వర్క్, సెక్యూరిటీ. పుట్టినప్పటి నుంచీ బట్ట మధ్య బతికిన మనిషికి నెట్ అంటే ఇంకేం తోస్తుంది? నెట్ చీర. వర్క్ అంటే దాని మీద చేసే జరీ పని. పెళ్లిళ్లలో సేట్ల ఇళ్ల ఆడవాళ్లు కట్టుకునే నెట్ చీరల అంచులను వేలితో తడిమి, వెనక్కి తిప్పి కుట్టు చూసి మరీ వచ్చేది ఆమె. ఆ చీర ఒకటి తనకు కూడా ఉండాలని కోరిక, కొనమని కొడుకులను అడగడానికి మొహమాటం. ఆ మధ్యాహ్నమే ఆటో ఎక్కి వెళ్లి మా ఇద్దరి ఆధార్ కార్డుల జిరాక్సులూ ఇచ్చి పేర్లు రాయించి వచ్చింది. వచ్చి నా చెవిలో అరిచింది.

"బిడ్డా, నెట్ మీద వర్క్ నేర్పుతరట. పైసలు లెవ్వు. సెక్యూరిటీ గూడ పెట్టిండ్రట, ఆడివిల్లలకు ఏం భయం లేదు. రేపటి సంది నువ్వు పోవాలె. పెద్దదానికి చెప్పకు, దానికెందుకు."

మర్నాడు మధ్యాహ్నం నేను జరీ రీలూ, సన్న సూదుల డబ్బా, బట్ట బిగించే చెక్క రింగూ సంచిలో పెట్టుకుని ధామన్కర్ నాకాలో దిగాను. రెండో అంతస్తు తలుపు తీసేసరికి గది నిండా కంప్యూటర్లు. కుట్టు గది పక్కదేమో అనుకుని వెనక్కి తిరగబోతుండగా ముందు వరుసలో మా యారాలు కనిపించింది. ఒడిలో చెక్క రింగు. నాది కన్నా పెద్దది. ఆమెకు కూడా అత్తమ్మ ఇదే మాట చెప్పి, చిన్నదానికి చెప్పకు అందట. ఇంతలో సార్ వచ్చాడు. కళ్లజోడు పెట్టుకున్న మరాఠీ ఆయన, ముప్పై దాటని వయసు. నా చేతిలో రింగు చూసి, అదేమిటని హిందీలో అడిగాడు. "నెట్ వర్క్ కే లియే సార్" అన్నాను. ఆయన దాన్ని తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. అక్క ఒడిలో ఉన్న రింగునూ చూశాడు. ఏం అర్థమైందో గానీ, నవ్వకుండా నా రింగు నాకిచ్చి కూచోమన్నాడు. ఆ మంచితనం నేను ఇప్పటికీ మరిచిపోలేదు. అప్పుడే లేచి ఇంటికి పోవచ్చు. కానీ ఆమె లేస్తే లేద్దామని నేను, నేను లేస్తే లేద్దామని ఆమె. ముందు లేచిన మనిషి ఓడినట్టు లెక్క. ఇద్దరం లేవలేదు. ఈ రంగాన్ని నేను ఎంచుకున్నది ఇలాగ.

ఇంటికి వెళ్లి అది కుట్టు పని కాదు, కంప్యూటర్లను తీగలతో కలిపే పని అని చెబితే అత్తమ్మ కాసేపు ఆలోచించింది. "తీగలు గూడ దారాలే గద బిడ్డా. నేర్చుకుంటె పోయేదేముంది" అంది. చీర ఆశ పోయిందన్న బాధ మొహంలో కనబడింది గానీ అంతకు మించి ఏమీ అనలేదు.

కాలేజీలో కంప్యూటర్లు పన్నెండు, మేము ఇరవై నాలుగు మందిమి. ఇంటిపేరు వరుసలో ఇద్దరికి ఒకటి ఇచ్చారు. ఒక ఇంటి కోడళ్లకు ఇంటిపేరు ఒకటే కదా, మా ఇద్దరినీ ఒకే బల్లకు కట్టేశారు. మూరెడు దూరంలో కూచుని మాట్లాడుకోకుండా ఒక కంప్యూటరు నడపడం ఎంత కష్టమో చేసి చూస్తే గానీ తెలియదు. నేను చెయ్యి ఎత్తి, "సార్, ఇన్‌కో బోలో మౌస్ ఛోడ్‌నేకో" అనేదాన్ని. సార్ గదికి ఆ చివర నుంచి వచ్చి ఆమెను మౌస్ వదలమని చెప్పేవాడు. ఆమె సార్‌నే చూస్తూ, "సార్, ఉన్‌కో బోలో, మేరా అభీ హువా నహీ" అని, తన పని ఇంకా కాలేదని చెప్పేది. నాలుగు రోజులు మా మాటలు మోశాడు. అయిదో రోజు విసుగు పుట్టి, "మై క్యా రౌటర్ హూఁ?" అన్నాడు, నేనేమైనా రౌటర్‌నా అని. క్లాసంతా గొల్లుమంది. సరే, ఆ మాట వచ్చింది కాబట్టి రౌటర్ అంటే ఏమిటో ఆ రోజే చెప్పాడు: ఒక ఇంటి మాట తీసుకుని ఇంకొక ఇంటికి చేర్చేది, రెండు ఇళ్లకూ మధ్యలో ఉండేది. నేను నోటుపుస్తకంలో రౌటర్ అని రాసి పక్కన అత్తమ్మ అని రాసుకున్నాను. ఓరకంటితో చూస్తే అక్క పుస్తకంలో కూడా అదే ఉంది. నవ్వు వచ్చింది, ఆపుకున్నాను.

ఆమె లేకపోతే నాకు గడవదని కేబుల్ క్లాసులో తెలిసింది. ఒక కేబుల్‌లో ఎనిమిది సన్నని తీగలు ఉంటాయి, ఒక్కొక్కటి ఒక్కో రంగు. వాటిని వరుస తప్పకుండా పేర్చి, ఒక చిన్న ప్లాస్టిక్ మూతిలోకి దూర్చి నొక్కాలి. నా చేతుల్లో అవి చెదిరిపోయేవి. అక్క పుట్టింట్లో అచ్చు అతికిన మనిషి. సాంచా మీద పడుగు అయిపోతే కొత్త పోగులను పాత పోగులకు ఒక్కొక్కటిగా వేలితో మెలి పెట్టి కలపాలి, వేలకు వేలు. అది చేసిన వేళ్లకు ఎనిమిది తీగలు ఒక లెక్కా? సార్ చెప్పడం ముగిసేలోపు ఆమె పని అయిపోయింది. లెక్కల్లో మాత్రం ఆమె నోరు వెళ్లబెట్టేది. ఏ కంప్యూటరుకు ఏ నంబరు ఇవ్వాలో నేను గబగబా వేసి, ఆమెకు కనబడేలా కాగితం బల్ల మీద అటు జరిపేదాన్ని. దానం చేస్తున్నట్టు కాకుండా, గాలికి జరిగినట్టు.

మొదటి పరీక్షలో జంటకు ఒక కేబుల్ ఇచ్చారు. ఒక చివర ఒకరు, ఇంకో చివర ఇంకొకరు కట్టాలి. గోడ మీద రంగుల వరుసల పటాలు రెండు ఉండేవి. ఏదైనా వాడొచ్చని సార్ ముందే చెప్పాడు. నేను ఎడమ గోడ పటం చూసి అరగంట కష్టపడి కట్టాను. ఆమె కుడి గోడ పటం చూసి కట్టింది. పరీక్ష పెట్టె తగిలిస్తే ఈ చివర ఒకటో దీపం వెలిగినప్పుడు ఆ చివర మూడోది వెలిగింది. సార్ రెండు చివరలూ కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఇద్దరిదీ సరిగ్గానే ఉంది, కానీ మీరిద్దరూ ముందు మాట్లాడుకోలేదు అని హిందీలో చెప్పి సున్నా వేశాడు. జీవితంలో ఎవరి వల్ల వచ్చిందో తెలియని సున్నా నాకు అదొక్కటే.

దసరా ఇంకా పదిహేను రోజులుందనగా సెక్యూరిటీ పాఠాలు మొదలయ్యాయి. ఒక బుధవారం సార్ బోర్డు మీద రెండు బొమ్మలు వేసి, నడుమ ఇంకొక బొమ్మ వేశాడు. ఇటు మనిషి అటు మనిషితో మాట్లాడుతున్నాననుకుంటాడు. అటు మనిషి కూడా అంతే. నిజానికి ఇద్దరి మాటలూ నడుమ ఉన్నవాడి చేతుల మీదుగా పోతున్నాయి. వాడు వింటాడు, తనకు కావలసినట్టు మారుస్తాడు, ముందుకు పంపిస్తాడు. ఇద్దరికీ అనుమానం రాదు. మరి కనిపెట్టడం ఎలా అని ఎవరో అడిగారు. పంపినదీ అందినదీ పక్కపక్కన పెట్టి చూడాలి అన్నాడు సార్. నేను పెన్ను ఆపాను. పక్కన అక్క పెన్ను కూడా ఆగింది. ఆమె బోర్డు వైపే చూస్తూ, పదకొండు నెలల తర్వాత మొదటి మాట మాట్లాడింది.

"చెల్లే, మొన్న సోమారం నల్లకాడ నీ బిందె జరిపిన. అప్పుడు అత్తమ్మతోని ఏమని పంపినవ్?"

అబద్ధం చెప్పాలనిపించింది గానీ సార్ చెప్పిన పాఠం ముందర కుదరలేదు. "ఇంకోపారి నా బిందె ముట్టుకుంటె చెయ్యి ఇరగ్గొడ్త అన్న."

"నాకేమొ, అక్కకు చెయ్యి నొస్తదేమో, నా బిందె నేనే జరుపుకుంట అన్నవని చెప్పింది."

నా మాటల్లో చెయ్యీ, బిందే మాత్రం మిగిలాయి. నేనూ అడిగాను. "మరి మిక్సీ అడిగిన నాడు, మిక్సీ మా నాయిన లెక్క గట్టిగున్నదని నువ్వన్నవట గద?"

అక్క తల దించుకుంది. "మిక్సీ దాని నాయిన కొన్నడా అని అడగమన్న."

మా నాన్నను అంత మంచిగా తలుచుకున్నందుకు ఆ రోజు నేను కళ్లు కూడా తుడుచుకున్నాను. ఇక ఆగలేదు. సార్ పాఠం సార్ చెప్పుకుంటున్నాడు, మేము వరుసగా లెక్క తీస్తున్నాం. కాల్హేర్‌కు పోతున్నామని అక్క చెప్పి పంపినప్పుడు, పోయేటప్పుడు మెట్లు కడిగి పొమ్మని నేను అన్నాను. ఆమెకు అందింది, మెట్లు జారుతయ్, పైలంగ దిగుమని. మా అత్తమ్మ ఏదీ కొత్తగా పుట్టించలేదు. మేమిచ్చిన దాంట్లోంచే ఒక్క పోగు ఉంచుకుని మిగతాదంతా తనే నేసింది. శుక్రవారం ఎందుకు నోరు విప్పదో కూడా అప్పుడు అర్థమైంది. సాంచాలు ఆగిన రోజు ఈ గదిలో చెప్పింది ఆ గదిలో వినబడుతుంది.

ఇంత తెలిశాక ఇద్దరం కావలించుకుని ఏడ్చామని రాస్తే బాగుండేది. జరిగింది వేరు. మాకు ఇన్నాళ్లూ అందని తిట్లన్నీ ఆ సాయంత్రం ఒక్కసారిగా అందాయి. ధామన్కర్ నాకాలో షేర్ ఆటో ఎక్కిన దగ్గర నుంచి మొదలుపెట్టాం. ముందర లారీలు అడ్డం పడి ఆటో కదలడం లేదు, మా నోళ్లు ఆగడం లేదు. నా చెయ్యి ఇరగ్గొడ్తవా అని ఆమె, మా నాయిన్ను నడుమకు తీసుకొస్తవా అని నేను. ఆటో అతను రెండుసార్లు వెనక్కి తిరిగి, దిగుతారా అని హిందీలో అడిగాడు. అలా వెనక్కి వెనక్కి తవ్వుకుంటూ పోయి చివరికి పచ్చిపులుసు దగ్గర తేలాం.

"ఈత కొట్టొచ్చన్నవంట గద?"

"అన్న."

"నాకు గదే చెప్పింది."

మొత్తం లెక్కలో పంపినట్టే అందిన మాట అదొక్కటే. అదే మొదటిది కూడా. ఆ ఒక్కసారి ఉన్నదున్నట్టు చెప్పి, ఇంట్లో జరిగింది చూసి, మా అత్తమ్మ ఇంకెప్పుడూ ఆ పని చేయలేదు. నొప్పులున్న మోకాళ్లతో పదకొండు నెలలు నడవలో అటూ ఇటూ తిరిగింది ఆ ఒక్క మాటను సరిచేయడానికే. నాకు చాలా సిగ్గేసింది. అక్క మాత్రం ఇంకా కోపంగానే ఉంది. నా వైపు తిరిగి, "అసలు నీకు ఈత వస్తదా?" అని గట్టిగా అడిగింది.

"రాదు."

ఆమెకు నవ్వు తన్నుకొచ్చింది. నాకూ అదుపు తప్పింది. నార్పోలి వచ్చేదాకా కడుపులు పట్టుకుని నవ్వుతూనే ఉన్నాం. ఆటో అతను మమ్మల్ని దించేసి వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

ఇంట్లో వెంటనే చెప్పలేదు. అక్కకు ఒక బుద్ధి పుట్టింది. గురువారం పొద్దున కావాలని అత్తమ్మను పిలిచి, "చిన్నదాని మొహం జూస్తె పాలు ఇరుగుతయని చెప్పు" అని పంపింది. నేను గదిలో నోరు మూసుకుని ఎదురుచూస్తున్నాను. అత్తమ్మ నడవలో సగం దూరం వచ్చి ఒక నిమిషం ఆగింది. ఆ నిమిషంలో ఆమె మొహం చూశాను. లెక్క వేసేటప్పుడు నేను పెట్టే మొహం అదే. తర్వాత వచ్చి నా చెవిలో, "నీ మొహం పీక్కపోయిందట బిడ్డా, జెర పాలు తాగుమంటంది అక్క" అని అరిచింది. నేను గోడ వైపు తిరిగి భుజాలు కదలకుండా ఉండడానికి చాలా అవస్థ పడ్డాను. ఏడుస్తున్నాననుకుని ఆమె నా వీపు నిమిరింది. దాంతో నవ్వు కాస్తా నిజంగానే ఏడుపైపోయింది.

దసరా ముంచుకొచ్చింది, ఆదివారం బావగారు కాల్హేర్ ఇల్లు ఖాయం చేయడానికి పోవాలి. శుక్రవారం వచ్చింది. సాంచాలు ఆగిపోయాయి. ఎక్కడో రెండు వీధుల అవతల ఎవరో బిందె దింపిన చప్పుడు కూడా వినబడుతోంది. అత్తమ్మ మంచం మీద కూచుని మౌనంగా మెంతికూర ఒలుస్తోంది. చాయ్ తాగుతూ అన్నదమ్ములిద్దరూ మెట్ల మీద ఉన్నారు. అక్క తన గదిలోంచి బయటికి వచ్చి, నడవలో నిలబడి, మామూలు గొంతుతో అడిగింది.

"చెల్లే, ఇయ్యాల ఏం జేస్తున్నవ్?"

"పచ్చిపులుసు అక్కా. నువ్వే వచ్చి కలుపు. నీళ్లు నీ ఇష్టం."

మెంతికూర ఒలిచే చేతులు ఆగాయి. అత్తమ్మ తల ఎత్తలేదు. మెట్ల మీద గ్లాసు కింద పెట్టిన చప్పుడైంది. అత్తమ్మ ఒక కాడ తుంచుతూ, "ఇగ నా మోకాళ్లకు సుట్టీ" అంది. శుక్రవారం కదా అత్తమ్మా, మాట్లాడినవేంది అన్నాను నేను. అమ్మవారికి నేను జెప్పుకుంట తియ్, అంది. అక్క ఊరుకోలేదు. "అమ్మవారికన్న ఉన్నదున్నట్టు జెప్పు అత్తమ్మా" అంది. అత్తమ్మ మొహం అప్పుడు చూడాల్సింది. మాకు అంతా తెలుసని ఆమెకు తెలిసిపోయింది. మెంతికూర ఆకు ఒకటి అక్క మీదికి విసిరి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ ఆదివారం బావగారు కాల్హేర్ పోలేదు. ఎందుకు పోలేదని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

కోర్సు ఇద్దరం పూర్తి చేశాం. చివరి పరీక్షలో కేబుల్‌కు ఏ గోడ పటం వాడాలో తేలక మేము మళ్లీ వాదులాడుకుంటుంటే సార్ చీటీ వేసి తేల్చాడు. నేను గోదాములో చేరాను. అక్క నార్పోలి కార్ఖానాల్లో కెమెరాలు బిగిస్తుంది. ఆమె వేళ్ల పని చూసి పక్క పేట వాళ్లు కూడా పిలుస్తారు. మా మొదటి సంపాదనతో అత్తమ్మకు నెట్ చీర కొన్నాం, అంచు నిండా పని ఉన్నది. దాన్ని ఆమె వెనక్కి తిప్పి కుట్టు చూసి, పర్వాలేదు అంది.

ఇప్పుడు ఆమెకు డెబ్భై దాటాయి. సాంచాల మధ్య బతికిన చాలామందికి లాగే చెవులు దాదాపు పోయాయి. మెట్లు దిగలేదు. పోయిన వానాకాలం మా ఎనిమిది సాంచాలనూ తుక్కు కింద అమ్మేశాం. బట్టకు ధర లేదు, నేసే మనుషులు దొరకడం లేదు. అత్తమ్మకు ఎలా చెప్పాలో ఎవరికీ తెలియలేదు, చెప్పలేదు. ఆమె మంచం మీద అరచేయి ఆనించి, కింది సాంచాల అదురు కోసం వెతుకుతున్నట్టు కాసేపు అలాగే ఉంచుతుంది. రోజూ మా ఇద్దరిలో ఎవరో ఒకరిని దగ్గరికి పిలిచి అడుగుతుంది, సాంచాలు నడుస్తున్నాయా అని. నడుస్తున్నయ్ అత్తమ్మా అని చెవిలో అరుస్తాం. నిన్న కూడా అడిగింది. ఊరికే నడుస్తున్నాయంటే నమ్మకం కుదరదని, ఆరు నడుస్తున్నయ్, రెండు రిపేరుకొచ్చినయ్ అని చెప్పాను. ఆమె నా మొహంలోకి కాసేపు చూసింది.

"మొన్న పెద్దది ఎనిమిదికి ఎనిమిది నడుస్తున్నయన్నది, రిపేరు జేసే జాబర్ రాక నెలయిందని గూడ అన్నది. నువ్వేమొ రిపేరంటవు. ముందుగాల మీరిద్దరు మాట్లాడుకోని రాండ్రి బిడ్డా" అంది. అని నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని, కళ్లు మూసుకుని పడుకుంది.

ఏళ్లు మనుషుల నుంచి ఒక్కొక్కటే తీసుకుపోతాయి, చెవులను, మోకాళ్లను, ఆస్తిని. ఆ మనిషి ఇన్నాళ్లూ మన కోసం మోసిన పని మాత్రం అవి తీసుకుపోవు; చడీచప్పుడూ లేకుండా మన చేతికిచ్చి పోతాయి.